మేనత్త, మేనల్లుడు, మధ్యలో ఆర్త్వా: ఒక ఫ్రెంచి ఆస్తి తగాదా వందేళ్ల యుద్ధం దాకా ఎలా పాకింది?

1337 మే 24న ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ ఒక జప్తు ఉత్తర్వు ఇచ్చాడు. నైరుతి ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ అనుభవిస్తున్న గుయెన్ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకుంటున్నానని దాని సారాంశం. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య నూరేళ్లకు పైగా సాగిన యుద్ధానికి చరిత్రకారులు లెక్కపెట్టే మొదటి రోజు ఇదే. ఫిలిప్ చెప్పిన కారణాల్లో ఒకటి, తన ప్రాణశత్రువుకు ఎడ్వర్డ్ ఆశ్రయం ఇచ్చాడన్నది. ఆ శత్రువు పేరు రాబర్ట్. ఊరూ వాడా లేని మనిషేమీ కాదు, ఫ్రెంచి రాజవంశంలోనే పుట్టినవాడు, స్వయంగా ఆ ఫిలిప్‌కు బావ.

ఆర్త్వా అనే ప్రాంతం కోసం మేనత్త మావోతో రాబర్ట్ పడిన తగాదాయే ఈ వైరానికి మూలం. ఈ కథను చాలామంది "ఆడవాళ్లకు ఆస్తి ఇవ్వాలా వద్దా" అనే గొడవగా చెబుతారు. ఆ కోణం లేకపోలేదు. అయితే కేసు తేలింది అక్కడ కాదు. తండ్రి కంటే ముందే చనిపోయిన కొడుకు హక్కు అతని పిల్లలకు దక్కుతుందా అన్నది అసలు ప్రశ్న. అది అర్థమైతే మిగతా ముడులు వాటంతటవే విడిపోతాయి.

ఆర్త్వా విలువ ఏమిటి?

ఆర్త్వా ఫ్రాన్స్ ఉత్తర కొసన, ఫ్లాండర్స్‌ను ఆనుకుని ఉన్న ప్రాంతం. ముఖ్య పట్టణం అర్రాస్. నేత బట్టకూ, వడ్డీ వ్యాపారులకూ పేరు. సాంతోమేర్ ఉన్ని వ్యాపారానికి కేంద్రం. బపోమ్ దగ్గర ఒక సుంకం నాకా ఉండేది. ఫ్లాండర్స్ నుంచి ఫ్రాన్స్‌లోకి వచ్చే సరుకూ, ఇటు నుంచి అటు పోయే ద్రాక్షసారాయీ అక్కడ సుంకం కట్టి కదలాల్సిందే. భూమి శిస్తు మీద మాత్రమే బతికే ప్రభువులు కరువొస్తే కుదేలయ్యేవారు. ఆర్త్వా ప్రభువుకు రోడ్డు మీద నుంచి నగదు వచ్చేది.

ఈ ప్రాంతం 1180లో ఇసబెల్ అనే పెళ్లికూతురి కట్నంగా ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్‌కు దక్కింది. 1237లో ఆమె మనవడు మొదటి రాబర్ట్‌కు దీన్ని "అపనాజ్"గా ఇచ్చారు. సింహాసనం పెద్ద కొడుక్కి పోతుంది కాబట్టి చిన్న కొడుకుల పోషణకూ హోదాకూ రాజవంశం విడదీసి ఇచ్చే భూమిని అపనాజ్ అంటారు. దాని ప్రభువు "కౌంట్". పాలన, పన్నులు, స్థానిక న్యాయం అతనివే. రాజుకు విధేయత ప్రమాణం చేయాలి, యుద్ధానికి పిలిస్తే వెళ్లాలి. 1297లో నాలుగో ఫిలిప్ ఆర్త్వా హోదాను పెంచి, దాని కౌంట్‌ను "పీర్" చేశాడు. రాజ్యంలో అత్యున్నత ప్రభువుల చిన్న గుంపు పీర్లు. వాళ్ల మీద కేసు వస్తే సాటి పీర్లు కూర్చున్న కోర్టే విచారించాలి. ఈ వివరం తర్వాత పనికొస్తుంది.

ఎవరు ముందు చనిపోయారు?

మొదటి రాబర్ట్ 1250లో ఈజిప్టులోని మన్సూరా దగ్గర క్రూసేడు యుద్ధంలో చనిపోయాడు. అతని కొడుకు రెండో రాబర్ట్‌కు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు మావో. కొడుకు ఫిలిప్. ఈ ఫిలిప్ కొడుకే మన కథానాయకుడు మూడో రాబర్ట్, 1287లో పుట్టాడు. అంటే మావో అతనికి స్వయానా మేనత్త.

1297 ఆగస్టులో ఫ్లాండర్స్‌లోని ఫ్యూర్న్ దగ్గర యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేన గెలిచింది, సేనాని రెండో రాబర్టే. ఆ గెలుపులోనే అతని కొడుకు ఫిలిప్ గాయపడి, మరుసటి ఏడాది 1298లో చనిపోయాడు. మనవడికి అప్పుడు పదకొండేళ్లు. 1302 జులై 11న కూర్త్రే దగ్గర ఫ్లాండర్స్ నేతగాళ్లూ పట్టణవాసులూ కాల్బలంగా నిలబడి ఫ్రెంచి గుర్రపు దళాన్ని చిత్తు చేశారు. చనిపోయిన వాళ్లలో రెండో రాబర్ట్ ఉన్నాడు.

తండ్రి కంటే కొడుకు నాలుగేళ్లు ముందు పోయాడు. ఈ వరుస తిరగబడి, తాత ముందు పోయి ఉంటే ఆర్త్వా ఫిలిప్‌కు, అతని నుంచి రాబర్ట్‌కు ఏ అడ్డూ లేకుండా వెళ్లేది. కోర్టు మెట్లు ఎక్కాల్సిన పనే ఉండేది కాదు.

మనవడా, కూతురా?

రెండు సూత్రాలున్నాయి. మొదటిది ప్రాతినిధ్యం. చనిపోయిన కొడుకు స్థానంలో అతని సంతానం నిలబడుతుంది, తండ్రికి ఏ వరుస ఉందో పిల్లలకూ అదే వరుస. ఇవాళ మన హిందూ వారసత్వ చట్టంలో ముందే పోయిన కొడుకు పిల్లలు మేనత్తలతో పాటు వాటాదారులయ్యేది ఈ పద్ధతిలోనే. రెండోది రక్త సామీప్యం. ఆస్తిపరుడు చనిపోయిన రోజున బతికి ఉన్నవాళ్లలో ఎవరు ఎన్ని మెట్ల దూరంలో ఉన్నారో లెక్క చూస్తారు. దగ్గరివాళ్లుంటే దూరపువాళ్లకు ఏమీ రాదు.

కుటుంబాన్ని ఈ రెండు లెక్కల్లో పెట్టి చూడండి. ప్రాతినిధ్యం ప్రకారం రాబర్ట్ తన తండ్రి ఫిలిప్ స్థానంలో నిలబడతాడు. ఫిలిప్ మగబిడ్డ కాబట్టి అక్కచెల్లెళ్ల కంటే ముందు. కౌంటీ ముక్కలు కాకుండా మొత్తం రాబర్ట్‌కే. సామీప్యం ప్రకారం మావో తండ్రికి ఒక మెట్టు దూరం, రాబర్ట్ తాతకు రెండు మెట్ల దూరం. కౌంటీ మొత్తం మావోకే.

అప్పటి ఫ్రాన్స్‌లో దేశమంతటికీ ఒకే వారసత్వ చట్టం లేదు. ప్రాంతానికో ఆచారం. కొన్నిచోట్ల ప్రాతినిధ్యం చెల్లుతుంది, ఆర్త్వా ఆచారంలో చెల్లదు. మావో వాదన ఇంతే: ఈ నేల ఆచారం ఇది, నేను దగ్గరిదాన్ని. స్త్రీ కావడం అక్కడ అడ్డు కాదు, ఎందుకంటే అదే మెట్టు మీద ఉన్న సోదరుడు బతికి లేడు.

రాబర్ట్ పక్షానా బలమైన మాటలున్నాయి. ఆర్త్వా మామూలు భూమి కాదు, రాజవంశం నుంచి విడివడిన అపనాజ్, పైగా పీర్ హోదా ఉన్నది. అలాంటిదానికి ఊరి ఆచారం ఎలా వర్తిస్తుందన్నది అతని ప్రశ్న. 1302 నాటికి దీనికి తిరుగులేని జవాబు ఎవరి దగ్గరా లేదు. అపనాజ్‌లు కూతుళ్లకు వెళ్లకూడదన్న నియమం తర్వాతి కాలంలో బిగిసింది కానీ 1237లో ఆర్త్వాను ఇచ్చినప్పుడు అలాంటి షరతు పెట్టలేదు. నా అంచనాలో చట్టం రీత్యా మావోదే పైచేయి. అలాగని రాబర్ట్‌ది గాలివాటం వాదన కాదు.

తీర్పు చెప్పేవాడి లెక్కలు

తీర్పు చెప్పాల్సింది రాజు నాలుగో ఫిలిప్. మావో భర్త ఓటో, తూర్పున బర్గండీ కౌంటీ ప్రభువు, అప్పుల్లో మునిగినవాడు. 1295లో అతను తన కూతురు ఝాన్‌ను రాజకుమారుడికి ఇచ్చేందుకూ, ఆమె కట్నంగా బర్గండీ కౌంటీనే రాసిచ్చేందుకూ ఒప్పుకున్నాడు. బదులుగా లక్ష లీవ్ర్‌లు, ఏటా కొంత భరణం. లీవ్ర్ అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు లెక్క. తర్వాత ఝాన్ రాజు రెండో కొడుకును, ఆమె చెల్లెలు బ్లాంష్ మూడో కొడుకును పెళ్లాడారు.

కాబట్టి ఆర్త్వా మావో చేతిలో ఉంటే అది ఎప్పటికైనా రాజు కోడళ్ల వైపు వచ్చే ఆస్తి. రాబర్ట్ చేతిలో ఉంటే బయటి శాఖకు పోయేది. ఆచారమూ రాజు లాభమూ ఒకే దిక్కు చూపించాయి. 1309లో తీర్పు మావోకు అనుకూలంగా వచ్చింది. రాబర్ట్‌కు పరిహారంగా కొంత ఆదాయం, వేరేచోట భూములు ఇచ్చారు. నార్మండీలోని బోమోన్-లె-రోజె అతని కౌంటీ అయింది. అతను తీర్పును ఒప్పుకున్నాడు కానీ, ఆర్త్వా మీద ఆశ వదలలేదు.

1316: తీర్పు కాకపోతే కత్తి

మావో పాలన గట్టిది. ఆమె కుడిభుజం తియెరీ డిర్సోన్ అనే మతాధికారి. లెక్కల్లో, కాగితాల్లో ఆరితేరినవాడు. స్థానిక ప్రభువులకు అతను గిట్టలేదు, తమ పాత హక్కులను ఒక్కొక్కటిగా లాక్కుంటున్నాడని వాళ్ల ఫిర్యాదు. 1314 తర్వాత ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ప్రభువులు జట్టుకట్టి రాజాధికారం మీద తిరగబడ్డారు. ఆర్త్వాలో ఆ జట్టుకు ఒక నాయకుడు కావాలి, రాబర్ట్‌కు ఒక సైన్యం కావాలి.

1316 జూన్‌లో రాజు పదో లూయీ చనిపోయాడు. రాణి గర్భవతి. పుట్టే బిడ్డ ఎవరో తెలియక సింహాసనం నెలల తరబడి ఖాళీగా ఉంది. అదను చూసి రాబర్ట్ ఆర్త్వాలోకి చొరబడ్డాడు. రాజప్రతినిధిగా ఉన్నది లూయీ తమ్ముడు, మావో అల్లుడు, మరో ఫిలిప్. అతను సైన్యంతో ఉత్తరానికి కదిలాడు. ప్రభువులు విడివిడిగా ఎంత కోపంతో ఉన్నా రాజసైన్యానికి ఎదురు నిలిచే శక్తి లేదు. రాబర్ట్ లొంగిపోయి కొంతకాలం పారిస్‌లో బందీగా ఉన్నాడు. 1318లో రెండో తీర్పు వచ్చింది, మళ్లీ మావోకే.

ఈ మధ్యలో జరిగినది చూడండి. రాణికి పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే పోయాడు. లూయీకి ఒక కూతురు ఉన్నా ఆమెను పక్కన పెట్టి, ఈ అల్లుడే ఐదో ఫిలిప్‌గా కిరీటం పెట్టుకున్నాడు. 1317 జనవరిలో రెమ్స్ నగరంలో జరిగిన ఆ పట్టాభిషేకానికి మావో పీర్ హోదాలో హాజరైంది. అన్న కూతురికి సింహాసనం దక్కనివ్వని రాజే, అత్తగారి చేతిలోని కౌంటీని మాత్రం పదిలంగా కాపాడాడు. కిరీటానికీ కౌంటీకీ ఒకే నియమం ఉండాలని ఏ చట్టమూ అనలేదు, అది నిజమే. అయినా రాబర్ట్‌కు ఎంత మండి ఉంటుందో ఊహించవచ్చు.

ఒకవైపు బావ, ఒకవైపు బావమరిది

1318లోనే రాబర్ట్ రాజవంశంలోని వాల్వా శాఖకు చెందిన మరో ఝాన్‌ను పెళ్లాడాడు. అప్పట్లో ఆ శాఖకు సింహాసనం అందనంత దూరం. పదేళ్లలో అంతా మారింది. ఐదో ఫిలిప్, అతని తమ్ముడు నాలుగో చార్లెస్ మగ సంతానం లేకుండా పోయారు. 1328లో రాబర్ట్ భార్యకు సవతి అన్న ఆరో ఫిలిప్‌గా రాజయ్యాడు. అతన్ని గద్దె ఎక్కించడంలో రాబర్ట్ పాత్ర పెద్దది. సలహా మండలిలో అతని మాటే మాటగా నడిచింది.

1329లో రాబర్ట్ ఆర్త్వా కేసు తిరగదోడాడు. ఆ ఏడాది నవంబరు 27న మావో చనిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, 1330 జనవరిలో, ఆమె కూతురు ఝాన్ కూడా పోయింది. ఒకదాని వెంట ఒకటి రావడంతో విషం పెట్టారన్న పుకార్లు లేచాయి. దానికి రుజువంటూ ఏదీ లేదు.

దారి తెరుచుకున్నట్టే కనిపించింది. కానీ ఆర్త్వా ఇప్పుడు మావో మనవరాలికి వచ్చింది. ఆమె భర్త బర్గండీ డ్యూక్ నాలుగో యూద్. ఈ బర్గండీ డచీ, అంటే డ్యూక్ ఏలే ప్రాంతం, ఓటో కౌంటీకి పక్కనున్న వేరే బర్గండీ. ఆ యూద్ అక్కే ఆరో ఫిలిప్ రాణి. అంటే రాజుకు ఫిర్యాది బావ, ప్రతివాది బావమరిది. అంతఃపురంలో రాణి తన తమ్ముడి తరఫున నిలబడింది. ఇక కాగితం మీద తిరుగులేని రుజువు చూపిస్తే తప్ప రాజు రాబర్ట్ వైపు మొగ్గే వీల్లేదు. అలాంటి కాగితం లేదు. అందుకే దాన్ని తయారు చేయించారు.

దొంగ దస్తావేజు ఎలా తయారవుతుంది

అప్పట్లో దస్తావేజుకు ప్రాణం సంతకం కాదు, ముద్ర. గొర్రె లేదా దూడ తోలును పలచగా గీకి చేసిన పార్చ్‌మెంట్ మీద రాసి, అడుగు అంచు మడిచి, ఆ మడతకు చీలిక పెట్టి, అందులోంచి పార్చ్‌మెంట్ పట్టీని గానీ పట్టు తాడును గానీ వేలాడదీసేవారు. దాని చుట్టూ మైనం ముద్ద పెట్టి అచ్చు వత్తేవారు. అచ్చు యజమాని దగ్గరే ఉంటుంది, అతను పోతే దాన్ని పాడుచేస్తారు. కాబట్టి చనిపోయిన మనిషి పేరున కొత్తగా ముద్ర వేయడం అసాధ్యం. అసలు ముద్రను ఏదైనా పాత పత్రం నుంచి ఊడదీయాల్సిందే.

దానికి కాచిన సన్నటి కత్తి గానీ తీగ గానీ వాడతారు. పట్టీ వెళ్లే వరుసలో మైనాన్ని రెండు బిళ్లలుగా చీల్చి, పాత పట్టీని తీసేసి, కొత్త పత్రం పట్టీని మధ్యలో పెట్టి, వేడి మైనంతో మళ్లీ అతికిస్తారు. దొరికిపోయే చోట్లూ ఇవే. అతుకు గీత కనిపిస్తుంది, కొత్త మైనం రంగు పాతదానితో కలవదు, పట్టీ పత్రం వయసుకు తగ్గట్టు ఉండదు. ఇవన్నీ దాటినా లేఖకుల చేతిరాత, పదాల వాడుక ఉండనే ఉంటాయి. ముప్పై, నలభై ఏళ్ల కిందట రాసినట్టు చూపించాలంటే ఆనాటి పద్ధతి తప్పకుండా రాయాలి.

ఈ పని చేయించింది ఝాన్ దివియోన్ అనే స్త్రీ. బెత్యూన్ పట్టణం ఆమెది. మావో కుడిభుజం తియెరీ డిర్సోన్ చివరి రోజుల్లో అర్రాస్ బిషప్ అయ్యాడు, ఆమె అతని ఉంపుడుగత్తె. 1328లో అతను పోయాక ఆమెకు మావో దగ్గర ఆదరణ దొరకలేదు. రాబర్ట్ పక్షానికి వచ్చింది. కట్టిన కథ ఇలా ఉంది: రాబర్ట్ తల్లిదండ్రుల పెళ్లి సమయంలోనే తాత ఆర్త్వాను ఫిలిప్‌కూ అతని సంతానానికీ రాసిచ్చాడు, మావో మనుషులు ఆ పత్రాలను మాయం చేశారు, చనిపోయేముందు బిషప్ పశ్చాత్తాపపడి లేఖ రాశాడు. ఆచారం ఏం చెప్పినా పెళ్లి ఒప్పందంలో ముందే రాసిచ్చింది చెల్లుతుంది. కేసులోని బలహీనత సరిగ్గా ఎక్కడుందో అక్కడికే గురిపెట్టిన అబద్ధం ఇది.

రాబర్ట్‌కు ఇదంతా తెలుసా? మొదట ఆమె మాట నమ్మాడని, తర్వాత మోసం తెలిసినా వెనక్కి తగ్గలేకపోయాడని కొందరంటారు. కోర్టు మాత్రం అతనే చేయించాడని తేల్చింది. విచారణలో దివియోన్‌తో పాటు ఆమె దగ్గర పనిచేసినవాళ్లు నిజం ఒప్పుకున్నారు. ఇలాంటి పనికి ముద్ర సంపాదించేవాళ్లు, రాసేవాళ్లు, అతికించేవాళ్లు, సాక్ష్యం చెప్పేవాళ్లు కావాలి. ఒక్కరు నోరు విప్పినా చాలు. ఆనాటి ఒప్పుకోళ్లను భయమూ బలవంతమూ లేని మాటలుగా తీసుకోలేం. అయినా పత్రాలు నకిలీవన్న విషయంలో చరిత్రకారుల మధ్య తేడా లేదు. 1331లో పత్రాలను కొట్టేశారు. అక్టోబరు 6న పారిస్‌లో దివియోన్‌ను సజీవంగా తగలబెట్టారు.

రాబర్ట్ పీర్ కాబట్టి పీర్ల కోర్టు ముందు హాజరుకమ్మని పదేపదే సమన్లు పంపారు. అతను రాలేదు. 1332 ఏప్రిల్‌లో దేశ బహిష్కారం, ఆస్తి జప్తు విధించారు. పోగొట్టుకున్న ఆర్త్వా కోసం వెళ్లి, చేతిలో ఉన్న బోమోన్ కూడా పోగొట్టుకున్నాడు. భార్యనూ కొడుకులనూ ఖైదు చేశారు. భార్య రాజుకు చెల్లెలైనా వదల్లేదు.

యుద్ధం రాబర్ట్ వల్లేనా?

అతను మొదట ఫ్రాన్స్‌కు ఈశాన్యాన ఉన్న నామ్యూర్‌కు, అక్కడి నుంచి పక్కనున్న బ్రబంట్‌కు పారిపోయాడు. ఫిలిప్ ఆశ్రయమిచ్చిన వాళ్లందరి మీదా ఒత్తిడి తెచ్చాడు. 1330ల మధ్యలో రాబర్ట్ ఇంగ్లండ్ చేరాడు. 1337లో ఎడ్వర్డ్ అతనికి ఏటా 1,200 మార్కుల భరణం ఇచ్చాడు. ఒక మార్కుకు 13 షిల్లింగుల 4 పెన్నీలు, అంటే 800 పౌండ్లు.

ఆనాటి చరిత్ర రాతగాళ్లు రాబర్టే ఎడ్వర్డ్‌ను ఎగదోశాడని రాశారు. ఒక ఫ్రెంచి పద్యంలో అతను విందులో ఎడ్వర్డ్ ముందు కొంగ మాంసం పెట్టి, "పిరికి పక్షిని పిరికి రాజుకు" అన్నట్టు ఎత్తిపొడుస్తాడు. అది కల్పన. నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది గుయెన్ తగాదా, ఫ్లాండర్స్ ఉన్ని వ్యాపారం, స్కాట్లాండ్‌కు ఫ్రాన్స్ మద్దతు అసలు కారణాలంటారు. రాబర్ట్ లేకపోయినా వీటిలో ఏదీ ఆగేది కాదు. నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది. కాకపోతే ఒక మాట కలపాలి. భూమి ఇచ్చిన ప్రభువు శత్రువును దాచడం సామంతుడి తప్పు, ఆ తప్పుకు భూమి జప్తు చేయవచ్చు. ఎడ్వర్డ్ గుయెన్ విషయంలో ఫిలిప్‌కు సామంతుడే. కాబట్టి రాబర్ట్ యుద్ధానికి కారణం కాకపోయినా, యుద్ధానికి చట్టబద్ధమైన సాకు అయ్యాడు.

సాంతోమేర్, ఆపై బ్రిటనీ

1340 జులై 26న రాబర్ట్ ఇంగ్లిష్ విలుకాళ్లతోనూ ఫ్లాండర్స్ పట్టణ సేనలతోనూ సాంతోమేర్ మీదికి వెళ్లాడు. లోపల తన పక్షపు వాళ్లు తలుపులు తెరుస్తారని ఆశ. లోపల ఉన్నది నాలుగో యూద్. కేసులో ప్రతివాది ఇప్పుడు కోట గోడ మీద నిలబడ్డాడు. యూద్ బయటికొచ్చి దాడి చేస్తే రాబర్ట్ మనుషులు తిప్పికొట్టి, పట్టణం వాకిలి దాకా తరిమారు. ఈలోగా మరోవైపు ఫ్రెంచి పక్షాన ఉన్న అర్మన్యాక్ కౌంట్ ఫ్లాండర్స్ సేనను ఊచకోత కోశాడు. చీకటి పడే వేళ తిరిగి వస్తున్న రెండు దళాలు ఒకే దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. శిబిరానికి చేరేసరికి రాబర్ట్‌కు సైన్యంలో పెద్ద భాగం మిగల్లేదు.

1341లో బ్రిటనీ డ్యూక్ సంతానం లేకుండా చనిపోయాడు. రాబర్ట్ తల్లి పుట్టిల్లు అదే వంశం. హక్కుదారులు ఇద్దరు: డ్యూక్ కంటే ముందే పోయిన తమ్ముడి కూతురు, బతికి ఉన్న సవతి తమ్ముడు మోంఫోర్. తమ్ముడి కూతురిది ప్రాతినిధ్యం, అంటే ఆర్త్వా కేసులో రాబర్ట్ వాదన. మోంఫోర్‌ది మగవాడినన్న వాదనతో పాటు సామీప్యం, అంటే మావో వాదన. ఆరో ఫిలిప్ కోర్టు ఈసారి ప్రాతినిధ్యాన్ని ఒప్పుకుని అమ్మాయి పక్షాన తీర్పు చెప్పింది. ఆమె భర్త రాజుకు మేనల్లుడు. ఎడ్వర్డ్ తల్లి ద్వారా ఫ్రాన్స్ కిరీటం అడుగుతూనే ఇక్కడ మగవాడైన మోంఫోర్‌ను బలపరిచాడు. రాబర్ట్ ఎడ్వర్డ్ పక్షం, కాబట్టి తన జీవితాన్ని నాశనం చేసిన సూత్రం తరఫున కత్తి పట్టాడు. వాన్ పట్టణం దగ్గర గాయపడి 1342 చివర్లో చనిపోయాడు. లండన్‌లో పూడ్చారు.

అదే లెక్క 1361లో మళ్లీ ముందుకొచ్చింది. యూద్ మనవడు సంతానం లేకుండా పోవడంతో బర్గండీ డచీకి ఇద్దరు పోటీపడ్డారు. నవార్ రాజు చార్లెస్ తన అమ్మమ్మ ద్వారా వంశంలోని పెద్ద ఆడపడుచు శాఖ తనదన్నాడు, ఆమె స్థానంలో నిలబడ్డాననే ప్రాతినిధ్య వాదన అతనిది. ఫ్రాన్స్ రాజు రెండో జాన్ తాను ఒక మెట్టు దగ్గరన్నాడు. డచీ జాన్‌కే పోయింది. ఆర్త్వా మాత్రం మావో మనవరాళ్లలో బతికి ఉన్న మార్గరెట్‌కు వెళ్లి, ఆమె నుంచి ఫ్లాండర్స్ ప్రభువుల చేతికి, వాళ్ల ఇంటి ఆడపిల్ల పెళ్లితో కొత్త బర్గండీ డ్యూకులకు చేరింది. రాబర్ట్ కొడుకు జాన్‌కు అంతకు తొమ్మిదేళ్ల ముందే నార్మండీలో యూ అనే వేరే కౌంటీ ఇచ్చి సరిపెట్టారు.